అలీ డొక్కలు: ఒక పుస్తకం, ఒక సినిమా

1974 అక్టోబర్ 30 తెల్లవారుజామున నాలుగింటికి, అప్పటి జైర్ రాజధాని కిన్షాసాలో, మహమ్మద్ అలీ రింగు తాళ్లకు ఆనుకుని నిలబడి జార్జ్ ఫోర్‌మన్ చేత గుద్దించుకున్నాడు. ఒకటీ రెండూ కాదు, రెండో రౌండ్ మొదలుకొని చాలాసేపు అదే పని. ఫోర్‌మన్‌కి అప్పటికి 40 పోటీలు, 40 గెలుపులు, వాటిలో 37 నాకౌట్లు. వయసు 25. అలీకి 32. ఎనిమిదో రౌండ్‌లో పడిపోయింది మాత్రం ఫోర్‌మన్.

ఆ రాత్రి గురించి వచ్చిన రాతలకూ తీసిన ఫిల్ములకూ లెక్క లేదు. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి నార్మన్ మేలర్ 1975లో అచ్చు వేయించిన పుస్తకం ‘ద ఫైట్’. రెండోది లియోన్ గాస్ట్ తీసి 1996లో జనం ముందుకు తెచ్చిన డాక్యుమెంటరీ ‘వెన్ వీ వర్ కింగ్స్’. జైర్‌లో మొబుటు నియంతృత్వం, పోటీ ఏర్పాటు చేసిన డాన్ కింగ్ జుట్టు, చెరో 50 లక్షల డాలర్ల పారితోషికం, నల్లజాతి ఆత్మగౌరవం: వీటి మీద విమర్శకులు కావలసినంత రాశారు. నా ప్రశ్న చిన్నది, ఒంటికి సంబంధించినది. ఆ గుద్దులన్నీ ఎక్కడికి పోయాయి? వాటిని ఓర్చుకోవడం అలీ ఎక్కడ నేర్చుకున్నాడు? పుస్తకం ఒక జవాబు చెబుతుంది, సినిమా మరొకటి చెబుతుంది. పుస్తకం చెప్పిందే నిజానికి దగ్గరగా ఉందని నేను అనుకుంటున్నాను. అయితే దానికి సాక్ష్యం వెతుక్కోవాలంటే సినిమా దగ్గరికే పోవాలి.

మేలర్ తన కథను ఆఫ్రికాలో మొదలుపెట్టడు. పెన్సిల్వేనియా కొండల్లో, డీర్ లేక్ దగ్గర అలీ కట్టుకున్న శిబిరంలో మొదలుపెడతాడు. అక్కడ అలీ చూపరులను నిరాశపరిచేంత మందకొడిగా కనిపిస్తాడు. స్పారింగ్‌కి వచ్చిన కుర్రాళ్లు కొడుతుంటే తాళ్ల మీదికి వాలిపోతాడు, పొట్ట చూపిస్తాడు, తిరిగి కొట్టాల్సిన చోట కొట్టడు. (ఆ కుర్రాళ్లలో లారీ హోమ్స్ ఒకడు, తర్వాత ఆయనే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. కాబట్టి అలీ తిన్నవి ఆషామాషీ దెబ్బలు కావు.) వేరే విలేకరి అయితే ‘అలీ పని అయిపోయింది’ అని రాసుకుని కారెక్కేవాడు. మేలర్ కూర్చుని చూశాడు. తగిలిన గుద్దును తగిలిన చోటే ఆగనివ్వకుండా, దాని అదటును ఒంట్లో నలుమూలలకూ పంచేసి, ఎటు పంపితే తక్కువ నష్టమో అటు పంపే విద్య ఒకటి అలీ అభ్యసిస్తున్నాడని ఆయన ఊహించాడు. మిగతా బాక్సర్లు దెబ్బ కొట్టడం సాధన చేస్తుంటే ఈయన దెబ్బ తినడం సాధన చేస్తున్నాడని.

పుస్తకం మొత్తంలో ఇది నాకు అన్నిటికంటే విలువైన గమనింపు. కిన్షాసాలో జరగబోయేదాన్ని మొదటి అధ్యాయంలోనే, కసరత్తు రూపంలో మన ముందు పెట్టేశాడు. ఆ సంగతి పాఠకుడికి అప్పుడు తెలియదు. పోటీ అయ్యాక వెనక్కి తిప్పి చదివితే ఉలిక్కిపడతాం. అయితే మేలర్ దాన్ని నాడుల్లో నడిచే ఏదో గుప్తవిద్యలా వర్ణిస్తాడు. అంత అక్కర్లేదు. జిమ్ములో పాతికేళ్లు గడిపిన ఏ కోచ్‌ని అడిగినా అదే సంగతి తేలిక మాటల్లో చెబుతాడు.

పొట్ట గోడ అంటే అద్దంలో చూసుకుని మురిసిపోయే సిక్స్ ప్యాక్ ఒక్కటే కాదు. నిలువుగా దిగే ఆ కండకు రెండు పక్కలా, డొక్కల మీద, ఏటవాలుగా అల్లుకున్న కండల పొరలు రెండుంటాయి. వాటి కింద నడుము చుట్టూ పట్టీలా చుట్టుకున్న పొర ఇంకొకటి. గుద్దు తగిలే లిప్తలో ఇవన్నీ బిగిసి ఉంటే తాకిడి గోడంతా పరుచుకుంటుంది. వదులుగా ఉంటే ఒకే చోట లోపలికి దిగి పేగులమీదో కాలేయంమీదో పడుతుంది. చిక్కల్లా ఆ లిప్త దగ్గరే. కంటితో చూసి, సరే బిగిద్దాం అనుకుని బిగించడానికి మామూలు మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. దగ్గరగా నిలబడి విసిరిన హుక్ అంతసేపు ఆగదు. పోనీ మూడు నిమిషాలూ బిగించే ఉందామా అంటే ఊపిరి ఆడదు. రెండో రౌండ్‌కే చేతులు బరువెక్కుతాయి. కాబట్టి ఒళ్లు వదులుగానే ఉండాలి. ఎదుటివాడి భుజం కదలిక చూసి, గుద్దు తాకే ముందు బిగుసుకోవాలి, తాకి వెళ్లగానే వదిలేయాలి. ఇది కండబలం కంటే అలవాటుకు సంబంధించిన పని.

ఆ అలవాటు కోసమే మెడిసిన్ బాల్. కుర్రవాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెడతారు. మోకాళ్లు మడిచి, తల కాస్త పైకెత్తి ఉంచమంటారు. కోచ్ పక్కన నిలబడి ఆ బరువైన తోలు బంతిని పొట్ట మీద వదులుతాడు. మొదట జానెడు ఎత్తు నుంచి, కొన్ని వారాలకు మోకాలి ఎత్తు నుంచి, తర్వాత నడుము ఎత్తు నుంచి. బంతి తాకే క్షణానికి ‘హుష్’ మని పొట్టిగా ఊపిరి వదలాలి. అన్నం తిన్న కడుపుతో ఈ పని చేయించరు. ఇంకొంత ముదిరాక నిలబెట్టి, గ్లవ్స్ తొడిగిన సాటి కుర్రాడి చేత డొక్కల్లో మెల్లగా తట్టిస్తారు. కొందరు కళ్లు మూయించి మరీ తట్టిస్తారు. ఇక్కడ బంతి బరువు అసలు సంగతి కాదు. కోచ్ దాన్ని ఎప్పుడు వదులుతాడో తెలియకపోవడం అసలు సంగతి. మొదటి వారం కుర్రాడు బంతిని చూడగానే ఊపిరి బిగబట్టేస్తాడు, ముఖం చిట్లిస్తాడు, మోకాళ్లు ముడుచుకుంటాడు. మూడో నెలకు ముఖం మామూలుగా ఉంటుంది, పొట్ట దానంతటదే పని చేసుకుపోతుంది.

దెబ్బలు కొడితే కండ పెరుగుతుందని నమ్మేవాళ్లు జిమ్ముల్లో ఇంకా ఉన్నారు. పెరగదు. కండను పెంచేది సిటప్స్, కాళ్లు ఎత్తే వ్యాయామాలు, ప్లాంకులు, నడుము తిప్పుతూ బరువు విసరడం. గుద్దించుకోవడం వల్ల వచ్చేది బెదురు పోవడం, సమయం కుదరడం. ఈ రెండింటినీ కలగాపులగం చేసినందువల్ల ఎందరో కుర్రాళ్లు అనవసరంగా దెబ్బలు తిన్నారు. మేలర్ ఆ పొరపాటు చేయలేదు. డీర్ లేక్‌లో అలీ పొట్ట గట్టిపడుతోందని ఆయన అనలేదు. అలీ ఏదో నేర్చుకుంటున్నాడని అన్నాడు.

మనవాళ్లకు ఒంటితో ఓర్చుకోవడం అనగానే మొదట గుర్తొచ్చేది కోడి రామ్మూర్తి నాయుడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడు, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచినవాడు. ఆ విద్యకు మూలం పీల్చిన ఊపిరి: గుండెలనిండా గాలి నింపి, పక్కటెముకల గూటిని గట్టిపరచి బరువుకు ఎదురు నిలవడం. ఏనుగు చెప్పకుండా రాదు. అది కాలు మోపేలోపు సిద్ధపడే తీరిక ఉంటుంది. బాక్సింగ్‌లో ఇదే పద్ధతి పట్టుకుంటే కొంప మునుగుతుంది. నిండుగా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల కింది పొర దిగుతుంది, దానితో పాటు కాలేయం కూడా పక్కటెముకల రక్షణ దాటి కొంచెం కిందికి జారుతుంది. సరిగ్గా అప్పుడు గుద్దు తగిలితే అంతే సంగతులు. అందుకే బాక్సర్ వదులుతూ ఓర్చుకుంటాడు, పీలుస్తూ కాదు.

సిద్ధపడే తీరిక లేకపోతే ఏమవుతుందన్నదానికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ బాక్సర్‌ది కాదు, ఇంద్రజాలికుడు హ్యారీ హుడినీది. పొట్టలో ఎంత గట్టిగా గుద్దినా ఓర్చుకోగలడన్న పేరు ఆయనకుండేది. 1926 అక్టోబర్‌లో మాంట్రియల్‌లో, ఆయన థియేటర్ గదిలో సోఫా మీద వాలి ఉండగా ఒక విద్యార్థి వచ్చి అది నిజమేనా అని అడిగి, ఆయన లేచి సర్దుకోకముందే వరసగా గుద్దాడు. చీలమండ విరిగి ఉన్నందువల్ల హుడినీ చటుక్కున లేవగలిగే స్థితిలో కూడా లేడు. తర్వాత నొప్పితోనే డెట్రాయిట్ దాకా వెళ్లి ప్రదర్శన ఇచ్చాడు. అపెండిక్స్ పగిలి, కడుపంతా చీము పట్టి అక్టోబర్ 31న చనిపోయాడు. గుద్దులే అపెండిక్స్‌ను పగలగొట్టాయా, లేక అప్పటికే మొదలైన జబ్బు నొప్పిని గుద్దుల నొప్పి కింద జమకట్టి ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లలేదా అన్నది ఇంకా తెగని వాదం. రెండోదే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంది. ఓర్చుకోగలనన్న గర్వమే నొప్పి చెప్పే మాట వినిపించుకోకుండా చేయడం, ఈ విద్యలో ఉన్న అసలు ప్రమాదం. అలీ దగ్గర మళ్లీ దీని ప్రస్తావన వస్తుంది.

ఇక సినిమా. గాస్ట్ కిన్షాసా వెళ్లింది ముఖ్యంగా పోటీతో పాటు తలపెట్టిన సంగీతోత్సవాన్ని చిత్రీకరించడానికి. జేమ్స్ బ్రౌన్, బి.బి. కింగ్, మిరియం మకేబా వచ్చారు. సెప్టెంబర్ 25న జరగాల్సిన పోటీ, స్పారింగ్‌లో ఫోర్‌మన్ కంటి పైన చీరుకుపోవడంతో అయిదు వారాలు వెనక్కి పోయింది. గాస్ట్ కెమెరాకు అలీ దొరికింది ఆ ఖాళీ వారాల్లోనే. తర్వాత డబ్బు చిక్కులూ హక్కుల చిక్కులూ కలిసి ఫిల్మును ఇరవై రెండేళ్లు డబ్బాల్లోనే ఉంచేశాయి. చివర్లో టేలర్ హాక్‌ఫర్డ్ చేయి వేసి మేలర్, రచయిత జార్జ్ ప్లింప్టన్, దర్శకుడు స్పైక్ లీ, థామస్ హౌజర్ వంటివాళ్లతో కొత్తగా మాట్లాడించి, ఆ మాటల దారంతో పాత దృశ్యాలను గుచ్చారు.

సినిమా గుద్దును మనకు మొదట బ్యాగ్ మీద పరిచయం చేస్తుంది. ఫోర్‌మన్ హెవీ బ్యాగ్‌ను ఒకే చోట, ఒకే లయలో కొడుతూ పోతాడు. ఆగేసరికి అందులో లోతైన సొట్ట. ఇది పుస్తకంలోనూ ఉంది, కానీ అక్షరాల్లో చదవడం వేరు, ఆ చప్పుడు వినడం వేరు. ఆ సొట్టను చూసిన ప్రతి ప్రేక్షకుడూ తెలియకుండానే తన పొట్ట తడుముకుంటాడు. ఈ ఒక్క విషయంలో సినిమాదే పైచేయి. మరోపక్క అలీ నేను డాన్స్ చేస్తాను, వాడికి అందను అని ఊరంతా చాటుతుంటాడు. ఆ తర్వాత పోటీ. మొదటి రౌండ్‌లో అలీ కుడిచేతి గుద్దులు సూటిగా విసురుతాడు, ఫోర్‌మన్ పడడు. రౌండ్ ముగిశాక స్టూలు మీద కూర్చున్న అలీ కళ్లలో మొదటిసారి భయం కనిపించిందని తెర మీద మేలర్ చెబుతాడు. ఒక్క నిమిషం. ఆ నిమిషంలో అలీ ఏదో నిశ్చయించుకున్నట్టు తల ఊపాడు, లేచి జనం చేత తన పేరు పలికించాడు, వెళ్లి తాళ్లకు ఆనుకున్నాడు.

గొప్ప నాటకం. చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఇక్కడే ఆగి ఆలోచించాలి. సినిమా బరువంతా ఆ స్టూలు మీది నిమిషం మీద వేసింది. దాంతో అలీ ఓర్పు మనోబలంలోంచి, ఆఫ్రికా జనం కేకల్లోంచి, విధిలోంచి పుట్టిన అద్భుతంలా తోస్తుంది. కొత్తగా చూసినవాడు బయటికి వచ్చి ‘గుండె ధైర్యం ఉంటే చాలు’ అనుకుంటాడు. చిత్రమేమిటంటే రెండు చోట్లా సాక్షి ఒక్కడే. పోటీ అయిన ఏడాదిలోపే రాసిన మేలర్ డీర్ లేక్ కసరత్తును ముందు పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత కెమెరా ముందు కూర్చున్న మేలర్ కథ చెప్పడంలో ఆరితేరినవాడు. కసరత్తు తెర మీద రక్తి కట్టదు, భయంతో నిండిన కళ్లు కడతాయి. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. ఏది ముందు చెప్పాలో, దేని మీద నొక్కాలో మారింది, అంతే.

నిజానికి రెండింటికీ చోటుంది. తాళ్లకు ఆనుకోవాలన్న నిర్ణయం అలీ అప్పటికప్పుడు తీసుకున్నదే కావచ్చు. ఆయన కార్నర్‌లోవాళ్లే తాళ్ల నుంచి బయటికి రమ్మని అరిచారు. ట్రైనర్ ఏంజెలో డండీకి కూడా ఆ పథకం సంగతి ముందు తెలియదు. కానీ నిర్ణయం తీసుకున్న నిమిషంలో పొట్ట తయారవదు. నెలల తరబడి తాళ్ల మీద పడి తిన్న దెబ్బలే లేకపోతే ఆ నిర్ణయం మూడో రౌండ్‌కే అలీని మట్టి కరిపించేది. సినిమా నిర్ణయాన్ని పట్టుకుంది, పుస్తకం తయారీని పట్టుకుంది. తయారీ లేని నిర్ణయం గురించి ఎవరూ సినిమా తీయరు.

ఇప్పుడు ఒక పని చేయండి. సినిమాలో పోటీ భాగం వచ్చినప్పుడు శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. మేలర్ గొంతు లేదు, ప్లింప్టన్ గొంతు లేదు, జనం కేకలు లేవు. అలీ చేతులు చూడండి. గ్లవ్స్ కణతల దగ్గర, మోచేతులు పక్కటెముకలకు అతుక్కుని. ఫోర్‌మన్ గుద్దులు వెడల్పుగా, చుట్టూ తిరిగి వస్తాయి. వాటిలో ఎన్నో మోచేతుల మీద, ముంజేతుల మీద, భుజాల మీద పడి చెదిరిపోతాయి. పొట్ట ఓర్చుకున్నవాటి కంటే చేతులు మింగినవే ఎక్కువ. డొక్కకు తగలబోయినప్పుడు అలీ నడుము కాస్త తిప్పి దెబ్బ జారిపోయేలా చేస్తాడు. తాళ్లు వదులుగా ఉన్నాయి కాబట్టి ఒంటిని వెనక్కి వాల్చి, క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాగినట్టు గుద్దుతో పాటే వెనక్కి పోతాడు. (తాళ్లు కావాలనే వదులు చేశారని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. డండీ ఒప్పుకోలేదు, ఆ ఉక్కకు తాళ్లు సాగాయని అన్నాడు.) ఇద్దరూ దగ్గరైనప్పుడల్లా అలీ ఫోర్‌మన్ మెడ మీద చేయి వేసి కిందికి వంచి తన బరువంతా మోపుతాడు. వంగిన మనిషి గుద్దులో పస ఉండదు. రౌండ్ చివరి క్షణాల్లో మటుకు మెరుపులా నాలుగు గుద్దులు ముఖం మీద కొట్టి వస్తాడు.

సినిమాలో అందరూ చెప్పే కథను సినిమా దృశ్యాలే ఖండిస్తున్నాయన్నమాట. ‘అలీ గుద్దులన్నీ పొట్టతో ఓర్చుకున్నాడు’ అనేది సగం నిజం. మోచేయి ఆపలేని వాటిని డొక్క ఆపింది. పొట్ట కసరత్తు ఉన్నది ఆ మిగిలిన కొన్నింటి కోసమే. ఆ కొన్నీ తక్కువవి కావు. మూడో రౌండ్‌లో తన జీవితంలోనే అంత గట్టిగా ఎవరినీ కొట్టలేదనిపించే గుద్దు అలీ ఒంటికి తగిలిందని, అలీ విలవిల్లాడడం కనిపించిందని, అయినా నువ్వు నన్నేమీ చేయలేవన్నట్టు తన వంక చూశాడని ఫోర్‌మన్ తర్వాత హౌజర్‌కి చెప్పాడు. 1991లో హౌజర్ తెచ్చిన అలీ జీవితకథలో ఆ మాటలున్నాయి. నాకైతే ఈ ఒక్క సాక్ష్యం, కొట్టినవాడి సాక్ష్యం, మేలర్ తెర మీద చెప్పిన భయం కళ్ల కథ కంటే బరువైనది. అలీకి నొప్పి తెలియకపోలేదు. నొప్పి చేతుల్లోకీ కాళ్లలోకీ పాకి అవి చచ్చుబడకుండా చూసుకున్నాడు. నేర్చుకున్నది అదే.

పుస్తకానికీ సినిమాకీ ఉమ్మడి జబ్బు ఒకటుంది. ఆఫ్రికా కనబడగానే మంత్రతంత్రాలు మొదలెట్టడం. మేలర్ ‘న్గోలో’ అన్న జీవశక్తి వెంట పడతాడు, బంటు తత్త్వం మీద ప్లాసిడ్ టెంపెల్స్ అనే మిషనరీ రాసిన పుస్తకం చదివి ఆ కళ్లద్దాలతో బాక్సింగ్‌ను చూడబోతాడు. సినిమాలో ప్లింప్టన్, చేతులు వణికే ఒక స్త్రీ ఫోర్‌మన్‌ను ఆవహిస్తుందని ఎవరో మంత్రగాడు చెప్పిన జోస్యాన్ని చెబుతాడు. ఎడిటింగు ఆ మాటల మధ్య మిరియం మకేబా ముఖం చొప్పిస్తుంది. ఒక మహాగాయనిని క్షుద్రశక్తి బొమ్మగా వాడుకోవడం నాకు రుచించలేదు. మేలర్ కనీసం తన వెర్రిని తనే వేళాకోళం చేసుకుంటాడు. తనను తాను ‘నార్మన్’ అని మూడో మనిషిలా పిలుచుకుంటూ, అలీతో పాటు తెల్లవారుజామున పరుగెత్తబోయి మధ్యలో చతికిలపడ్డ సంగతి దాచుకోకుండా రాస్తాడు. ఆ తంతు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తుంది, సందేహం లేదు. అయినా యాభై ఏళ్లు దాటినవాడు తన ఒంటితో ఆ పరుగు ఎంత కష్టమో కొలుచుకున్నాడు కాబట్టే అలీ ఒంటిని అంత శ్రద్ధగా చూడగలిగాడేమో.

రెండూ చెప్పని మాట ఇంకొకటి: ఈ విద్యకు హద్దుంది. కాలేయానికి సిటప్స్ చేయించలేం. 2004 సెప్టెంబర్ 18న లాస్ వేగాస్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్ తొమ్మిదో రౌండ్‌లో ఎడమచేతి హుక్ ఒకటి ఆస్కర్ డి లా హోయా కుడి డొక్కలో వేశాడు. తల దిమ్మెక్కి పడిపోయే బాక్సర్ ముఖం మనకు తెలుసు, కళ్లు తేలిపోతాయి. ఇది అలా కాదు. డి లా హోయా కూలబడ్డాడు, మెలకువగానే ఉన్నాడు, లేవాలనుకుంటున్నాడు, ఒళ్లు వినడం లేదు. పది లెక్కపెట్టేసరికి నేలను గుద్దుతూ ఉండిపోయాడు. అతని వృత్తి జీవితంలో అది మొదటి నాకౌట్ ఓటమి. కాలేయానికి అదటు తగిలితే నాడుల ద్వారా గుండె వేగమూ రక్తపోటూ ఒక్కసారిగా పడిపోతాయి, కాళ్లు మడతపడతాయి. దీనికి గుండె ధైర్యంతో సంబంధం లేదు. అతని పొట్ట కండలు ఏ పత్రిక ముఖచిత్రానికైనా సరిపోయేవి. కాపాడగలిగి ఉంటే కుడి మోచేయి కాపాడాలి. ఆ లిప్తలో అది అక్కడ లేదు.

ఇక ఖరీదు సంగతి. తెలుగు పాఠకుల్లో బాక్సింగ్ అంటే నిఖత్ జరీన్‌ని చూసి ఇష్టపడినవాళ్లు చాలామంది. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ చాంపియన్ అయిన పోటీ మూడేసి నిమిషాల మూడు రౌండ్లది. అక్కడ పొట్ట మీది దెబ్బ లెక్క అదే సాయంత్రం తేలిపోతుంది. కిన్షాసా పోటీ పదిహేను రౌండ్లకు ఒప్పుకున్నది. ఏడాది తిరగకముందే, 1975 అక్టోబర్ 1న మనీలాలో జో ఫ్రేజియర్ పద్నాలుగు రౌండ్ల పాటు అలీ డొక్కల్లో తవ్వుతూనే ఉన్నాడు. 1977 సెప్టెంబర్‌లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ అయ్యాక, అలీ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని చెప్పే ల్యాబ్ రిపోర్టు ఆయన డాక్టర్ ఫెర్డీ పచెకో చేతికి వచ్చింది. పచెకో దాన్ని అలీకీ, దగ్గరివాళ్లకూ పంపాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఆయన అలీ శిబిరం వదిలి వెళ్లిపోయాడు. అలీ 1981 డిసెంబర్ దాకా ఆడుతూనే ఉన్నాడు. పార్కిన్సన్స్ బయటపడింది 1984లో. ఆ జబ్బు లెక్క తలకు తగిలిన దెబ్బల వైపుకు పోతుంది, పొట్ట వైపుకు కాదు. కానీ డీర్ లేక్‌లో మేలర్ మెచ్చుకున్న సాధనలో తల కూడా ఉంది. గుద్దించుకోవడం అలవాటైన మనిషి డొక్క దగ్గరే ఆగడు. పోటీల్లో తిన్న దెబ్బలనే అందరూ లెక్కపెట్టారు, జిమ్ములో తిన్నవాటిని ఎవరూ పెట్టలేదు.

ఈ విషయంలో పుస్తకాన్ని తప్పు పట్టలేం. 1975లో మేలర్‌కి ఆ రిపోర్టు తెలిసే అవకాశం లేదు. అయినా డీర్ లేక్ పేజీల్లో ఒక బెంగ లీలగా తగులుతుంది. ఈ చదువుకు ఫీజు ఎంత అన్న అనుమానం ఉన్నట్టే అనిపిస్తుంది. సినిమా సంగతి అలా కాదు. అది విడుదలైన 1996లోనే అట్లాంటాలో అలీ వణికే చేత్తో ఒలింపిక్ జ్యోతి వెలిగించాడు. మరుసటి ఏడాది ఆ సినిమాకి ఆస్కార్ వచ్చిన రాత్రి మెట్లెక్కడానికి అలీకి చేయి అందించింది ఫోర్‌మనే. ప్రేక్షకులందరికీ తెలిసిన ఆ లెక్క దగ్గర సినిమా నిలవదు, పాటలోకీ గెలుపులోకీ వెళ్లిపోతుంది. గెలుపు రాత్రిని గెలుపుగానే దాచుకోవాలన్న ఆశ అర్థమవుతుంది. కానీ గాస్ట్ దగ్గర ఇరవై రెండేళ్ల దూరం ఉంది, మేలర్ దగ్గర లేదు. దూరం ఉన్నవాడు తక్కువ చూశాడు.

బాక్సింగ్ నేర్చుకునే కుర్రాడికి రెండింటిలో ఏది ఇవ్వాలి అంటే, నేనైతే పుస్తకం మొదటి అధ్యాయమూ, సినిమా పోటీ భాగం శబ్దం లేకుండానూ ఇస్తాను. మిగతావి పెద్దయ్యాక చూసుకోవచ్చు.

మేలర్, గాస్ట్‌ల కంటే బాగా పాఠం నేర్చుకున్నవాడు ఆ రాత్రి ఓడినవాడే. కిన్షాసాలో ఫోర్‌మన్ కార్నర్‌లో ఆర్చీ మూర్ ఉన్నాడు. చేతులు అడ్డంగా మడిచి గుద్దులను వాటి మీద పడనిచ్చే రక్షణకు పేరుపడ్డ పాత చాంపియన్. ఆ రాత్రి ఫోర్‌మన్‌కి రక్షణతో పని ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 1977లో ఆట మానేసి, పదేళ్లకు తిరిగి వచ్చినప్పుడు ఫోర్‌మన్ పొట్ట ముందుకు వచ్చేసింది, కండలు కొవ్వు కింద ఎక్కడో దాక్కున్నాయి. విలేకరులు హాంబర్గర్ల జోకులు వేశారు. కానీ ఇప్పుడతను ముంజేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, మూర్ పద్ధతిలో, వచ్చినవన్నీ వాటి మీద పడనిచ్చాడు, తొందరపడలేదు, ఆయాసపడలేదు. 1994 నవంబర్ 5న, 45 ఏళ్ల వయసులో, మైకేల్ మూరర్ చేత తొమ్మిది రౌండ్లు గుద్దించుకుని పదో రౌండ్‌లో అతన్ని పడగొట్టి చాంపియన్ అయ్యాడు. కట్టుకున్నది జైర్‌లో వేసుకున్న ఎర్ర నిక్కరే. కార్నర్‌లో నిలబడింది ఏంజెలో డండీ.